ఇరవై గ్రాముల చేయి

ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాలు పంచిన చేయి నాది.
కవరు పట్టుకుంటే చాలు, చెప్పేస్తుంది:
ఇరవై గ్రాములా, ఇరవై రెండా,
బిళ్ల సరిపోతుందా, ఇంకోటి అంటించాలా.

అందుకే గెరార్డ్స్‌బెర్గన్‌లో, వంతెన పక్క దుకాణంలో,
వాన్నెస్ అనే కుర్రాడు
కొక్కెం మీంచి నల్లటి ఫ్రేము దించి
"ఎనిమిది వందల గ్రాములే గోదెలీవ్ గారూ, కార్బన్" అంటే
రెండు వేళ్ల మీద నిలబెట్టి చూసి
"తొమ్మిది వందల ముప్పై" అన్నాను.
నవ్వాడు. కాటాకి తగిలించాడు.
తొమ్మిది వందల ఇరవై ఏడు.
"అది రంగు వెయ్యకముందు లెక్కండీ" అని గొణిగాడు.

రంగుకీ బరువుంటుందని నాకు తెలీదా బాబూ.
నల్ల అంచు కవర్లు ఎన్ని మోశాను!
కరెంటు బిల్లూ చావు కబురూ
రెండూ ఇరవై గ్రాములే, ఒకటే బిళ్ల.
తలుపు తీసినవాళ్ల మొహం చూశాకే
ఏది ఎంత బరువో తెలిసేది.

సరే, సైకిలు సంగతి.

మా ఊరి గుట్ట మీదికి ఒక రాళ్ల దారుంది.
నిటారుగా ఉంటుంది, మావాళ్లు దాన్ని గోడ అనే అంటారు.
తపాలావాళ్లిచ్చిన ఎర్ర ఇనుప సైకిలు తోసుకుంటూ
ముందో బుట్ట, వెనక రెండు సంచులు,
ఆ గోడ రోజూ ఎక్కాను.
రిటైరైన డబ్బు చేతికొచ్చిన ఈ మూడు వారాలూ
అదే గోడ మీద పిల్లిని నేను.

మొదటిది కత్తిలా ఉంది.
ఎక్కి కూచుంటే ముక్కు ముందు చక్రానికి తగిలేలా ఉంది.
తీగలన్నీ లోపలే, ఒక్కటీ పైకి కనబడదు.
నా నడుము వద్దంది. నడుము మాటకి అప్పీలు లేదు.

రెండోది నినోవలో ఒక పళ్ల డాక్టరుదట.
రెండు వేసవులే తొక్కాడట, సగం ధరట.
వాన్నెస్ జేబులోంచి రెండు యూరోల నాణెం తీశాడు.
పై గొట్టం పొడుగునా కొట్టుకుంటూ వచ్చాడు:
టక్, టక్, టక్, టక్,
సీటు దగ్గర పడ్డాక
థప్.
మళ్లీ కొట్టాడు. థప్.
పైన గీత కూడా లేదు. అద్దంలా మెరుస్తోంది.

ఇనుముకి నోరుంది.
కిర్రుమంటుంది, ఒంగుతుంది, తుప్పు పట్టి
నాలుగేళ్ల ముందే గోల పెడుతుంది.
ఇది దెబ్బంతా కడుపులో దాచుకుని
ఏ దిగుడులోనో ఒక్కసారే రెండు ముక్కలవుతుంది.
అలాంటి మనిషితో పదకొండేళ్లు కాపురం చేశాను.
సగం ధరకైనా మళ్లీ వద్దు.

"మరి నాణెంతో మనుషుల్నీ చూడొచ్చంటారా?" అన్నాడు కుర్రాడు.
వాడికి పెళ్లి కుదిరిందని తర్వాత తెలిసింది.

మూడోది బురద రంగు.
హ్యాండిలు కాస్త ఎత్తు, చక్రాలకి వెడల్పాటి టైర్లు,
రాళ్ల మీద పళ్లు రాలవు.
మొదటిదానికన్నా నూట నలభై గ్రాములెక్కువ.
అంటే ఏడు ఉత్తరాలు.
ఏడుత్తరాలు మోయలేనా?

డబ్బు కట్టాక గంట పెట్టమన్నాను.
"దీనికెవరూ గంట పెట్టరండీ" అని విలవిల్లాడాడు,
పట్టుచీరకి గోనెపట్టా అంచు కుట్టమన్నట్టు.
పెట్టు బాబూ. అరవై గ్రాములు. అది ఎనిమిదో తొమ్మిదో...
నాకు గ్రాములు తెలుసు, నువ్వు బిగించు.

మార్చి గాలి ఎదురు కొడుతోంది.
తొక్కానో లేదో ముందుకి దూకింది,
తాడు తెంచుకున్న దూడలా. భయమేసింది.
భుజం మీద సంచీ సర్దుకోబోయి
చేయి గాలిలో ఆగిపోయింది.

పద్నాలుగో నంబరు ఇంటి దగ్గర
కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి.
గంట మోగించాను.
లోపల ముసలి కుక్క, ఎప్పట్లాగే,
నన్ను చంపేసేంత కోపంగా మొరిగింది.